చెట్టు ఎప్పుడిస్తే అప్పుడే రంగు

ఆషాఢంలో గోరింటాకు రుబ్బే ఇంట్లో పెరిగినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. ఆకు పచ్చన, పండిన చెయ్యి ఎర్రన. ఆ ఎరుపు ఆకులో ఎక్కడ దాక్కుందని చిన్నప్పుడు ఒక్కసారైనా ఆశ్చర్యపోయే ఉంటాం. పెద్దయ్యాక మరిచిపోతాం. జపాన్‌లో ఒక నేతకారిణి మాత్రం దాన్ని మరిచిపోకుండా అరవై ఏళ్లకు పైగా దాని వెంటే నడిచారు. ఆమె పేరు షిమురా ఫుకుమి.

క్యోటో ఊరి పడమటి అంచున సాగా అనే చోట ఆమె కార్ఖానా. ఒకసారి కవి, విమర్శకుడు ఓఓకా మకోతో ఆమె దగ్గరికి వెళ్లారు. ఆమె ఒక బట్ట తీసి చూపించారు. లేత గులాబీ రంగు, కానీ లోపలి నుంచి వెలుగుతున్నట్టుంది. దేనితో అద్దారని అడిగితే సకురాతో అన్నారు. వసంతంలో ఊరూరా పూసే చెట్టు కదా, పూరేకులు ఉడకబెట్టి తీశారు కాబోలనుకున్నారాయన. కామునిపున్నమికి మోదుగ పూలు కాచి రంగునీళ్లు చేసుకున్న మనమైనా అలాగే అనుకుంటాం. ఆమె కాదన్నారు. ఆ రంగు బెరడులోది. చూడటానికి నల్లగా, గరుకుగా ఉండే ఆ బెరడు కూడా ఏడాది పొడుగునా ఆ రంగు ఇవ్వదట. చెట్టు ఇంకా పూత వేయకముందు, పూయబోయే రోజుల్లోనే ఇస్తుందట. పూరేకుకు ఆ రంగు ఊరికే రాలేదని, చెట్టు ఒళ్లంతా దానికోసం కష్టపడుతోందని అప్పుడు తెలిసిందంటారు ఓఓకా. మాటకు బలం కూడా అలాగే మనిషి మొత్తం నుంచి వస్తుందని ఆయన రాసిన ఆ చిన్న వ్యాసం జపాన్ బడి పిల్లల పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

షిమురాకు ఆ తెలివి ఊరికే రాలేదు. మంచు రాలుతున్న రోజుల్లో ఒక ముసలాయన సకురా కొమ్మలు కొడుతుంటే అడిగి తెచ్చుకుని ఉడకబెట్టారు. మొగ్గ విచ్చినట్టుండే రంగు వచ్చింది. అదే చెట్టు మళ్లీ ఎక్కడ దొరుకుతుందా అని ఎదురుచూస్తుంటే, సెప్టెంబరులో గాలివానల కాలంలో ఓమి ప్రాంతంలో పెద్ద సకురా చెట్టు కొట్టేస్తున్నారని కబురొచ్చింది. ఎగిరి గంతేసి వెళ్లారు. చెట్టు ఆ జాతిదే, పద్ధతీ అదే, చెయ్యీ అదే. రంగైతే వచ్చింది గానీ, మొదటిసారి వచ్చిన కళ లేదు. ఆ చెట్టు తన రంగును అప్పటికే పూలకు ఇచ్చేసిందని ఆమెకు అర్థమైంది. తర్వాత ఆమె చేసిన పనంతా ఈ రెండు కుండల మధ్య తేడాను గౌరవించడమే.

ఆమె 1924లో షిగా రాష్ట్రంలో, బివా సరస్సు ఒడ్డునున్న ఓమిహచిమన్‌లో పుట్టారు. పసితనంలోనే దత్తత వెళ్లారు. పదిహేడేళ్లప్పుడు ఆ సంగతి తెలిసి కన్నవాళ్ల దగ్గరికి వచ్చిన రోజుల్లో తల్లి ఓనో తోయో ఆమెను మొదటిసారి మగ్గం ముందు కూర్చోబెట్టారు. యనగి సోఎత్సు నడిపిన జానపద కళల ఉద్యమం ప్రభావంతో మగ్గం పట్టిన మనిషి ఆ తల్లి. కానీ కూతురు ఆ పనిని బతుకుగా ఎంచుకునేసరికి ముప్పై దాటింది. కాపురం చెడింది, ఇద్దరు ఆడపిల్లలు. 1955 ప్రాంతంలో పుట్టిల్లు చేరి, తల్లి పాత మగ్గం దుమ్ము దులిపి మొదలుపెట్టారు. 1957లో జపాన్ సంప్రదాయ కళల ప్రదర్శనకు మొదటి నేత పంపారు. మరుసటి ఏడాది పంపిన ‘అకిగసుమి’కి, అంటే శరత్కాలపు పొగమంచుకు, బహుమతి వచ్చింది.

ముదురు నీలి బట్ట మీద తెల్లటి పోగులు సన్నగా, అక్కడక్కడా, పొగ పాకినట్టు ఉంటాయి. చెట్టు బొమ్మ, కొండ బొమ్మ ఏదీ లేదు. ఆ తెల్ల పోగులు చాలావరకు మిగిలిపోయిన దారపు తునకలు. పేదిళ్లలో తెగిన పోగుల్ని ముడేసి నేసుకునే పద్ధతి నుంచి ఆమె తీసుకున్నది. ప్రకృతిని బట్టలో చూపించడమంటే పువ్వు బొమ్మ వేయడమనుకుంటాం. ఆమె ఎన్నడూ పువ్వు బొమ్మ వేయలేదు. పువ్వు ఎక్కడి నుంచి వస్తుందో అక్కడికి వెళ్లారు. గళ్లు, చారలు, ఒక రంగు నుంచి మరో రంగులోకి జారే నేత, ఇవే ఆమె భాష. సరస్సు మీద పొద్దు వాలడం, వాన వెలిసిన ఆకాశం, ఎండుగడ్డి మైదానం, అన్నీ వాటిలోనే చెప్పారు.

ఇక ఆ కార్ఖానాలో జరిగే పని. దారం త్సుముగి. పట్టు తీయడానికి పనికిరాని గూళ్లను దూదిలా విప్పి చేత్తో వడికినది. మన మట్కా పట్టుకు దగ్గరి చుట్టం. ఒకప్పుడు పల్లెటూరి ఇళ్లలో మంచి గూళ్లు అమ్ముకుని, మిగిలినవాటితో ఇంటి మందికి నేసుకున్న బట్ట. దారం సమంగా ఉండదు, అందుకే వెలుగు దాని మీద ఒకేలా జారదు. నేత అతి సాదా నేత: పడుగు మీద పేక, ఒకటి పైన ఒకటి కింద. ఆమె పనితనమంతా పోగు మగ్గం ఎక్కకముందే సగం అయిపోతుంది.

ఇతరులు కొట్టేసిన కొమ్మలో, కత్తిరింపుల్లో మిగిలిన రెమ్మలో తెచ్చి, చిన్న ముక్కలు చేసి ఉడకబెట్టి వడగడతారు. ఆ నీళ్లలో పట్టు చిలపలు ముంచుతారు. తర్వాత బూడిద తేటలో ముంచుతారు. మళ్లీ రంగు, మళ్లీ బూడిద తేట. కమేలియా చెట్టు కాల్చిన బూడిదలో పటిక గుణం ఉంటుంది, అది రంగును పోగుకు పట్టిస్తుంది. అదే రంగును ఇనుము నీళ్లలో ముంచితే పూర్తిగా మారి బూడిద వన్నెలోకి పోతుంది. ఒక్కో చెట్టుకు ఒక్కో బూడిద వన్నె. ఎడో యుగపు జపాన్‌లో గోధుమ వన్నెలు నలభై ఎనిమిది, ఎలుక వన్నెలు నూరు అనే నానుడే ఉండేది.

కొన్ని మొక్కలు మరీ పట్టింపుగలవి. ఊదా రంగిచ్చే షికోన్ వేరును కాచేటప్పుడు నీటి వేడి 60 డిగ్రీలు దాటితే ఊదా చచ్చిపోయి ఎలుక రంగు మిగులుతుంది. పసుపుకు ఇబుకి కొండ మీద పెరిగే కరియసు గడ్డి. ఎరుపుకు మంజిష్ఠ జాతి వేరు, కుసుమ పువ్వు. రెండు చెట్ల నీళ్లను ఒకే కుండలో కలపడం ఆ కార్ఖానాలో లేదు. ఏ చెట్టు రంగు ఆ చెట్టుదే. రెంటినీ కలపాలంటే రెండు పోగులుగా పక్కపక్కన నేయాలి, కలపడం చూసేవాళ్ల కన్ను చూసుకుంటుంది.

నీలిది వేరే లోకం. తోకుషిమా ప్రాంతంలో నీలి ఆకులను మూడు నెలలకు పైగా కుళ్లబెట్టి చేసే సుకుమొ అనే ముద్దను తెచ్చి, బూడిద తేటలో వేసి, తవుడు, సాకే చేర్చి బానలో పులియబెడతారు. అమావాస్య నాడు బాన పెట్టి పౌర్ణమికి అద్దకం మొదలుపెట్టే పద్ధతి ఆ కార్ఖానాలో ఉంది. బాన మీద నురగ పువ్వులా లేస్తే నీలి పలికినట్టు. రోజూ కలిపి, వాసన చూసి, చలికి వేడి చూపించి పసిబిడ్డలా సాకాలి. అశ్రద్ధ చేస్తే ఒక్క రాత్రిలో చచ్చిపోతుంది. ఆ బానకు యవ్వనం, నడివయసు, ముసలితనం ఉన్నాయంటారామె. కొత్తలో ముదురు నీలం వస్తుంది, నెమ్మదిగా పలచబడుతుంది. చిట్టచివర బాన ఆరిపోబోయే ముందు ఇచ్చే అతి లేత నీలానికి జపానులో ఒక పేరుంది: కమెనొజొకి, అంటే బానలోకి తొంగిచూడటం. బాగా సాకిన బాన మాత్రమే చివరిదాకా బతికి ఆ రంగు ఇస్తుంది కనుక, ఆమె దాన్ని వాడిపోయిన రంగుగా కాక అన్నిటికన్నా పండిన రంగుగా చూశారు.

ఆమెను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది ఆకుపచ్చ. చుట్టూ చూస్తే అంతా పచ్చదనమే. కానీ ఏ ఆకు కాచినా దాని పచ్చ పోగుకు ఎక్కి నిలవదు. పచ్చ కావాలంటే మాత్రం ఒకే పోగుకు ముందు పసుపు అద్ది, ఆపైన నీలి బానలో ముంచాలి. బాన నుంచి పోగు పైకి వచ్చి గాలి తగిలిన క్షణంలో పచ్చ పుడుతుంది. ఈ చిక్కు విప్పడానికే ఆమె జర్మన్ కవి గోథే రంగుల సిద్ధాంతం దాకా వెళ్లి చదివారు.

ఇదంతా చదువుతున్న కాళహస్తి కలంకారీ మనిషి ఎవరైనా ఉంటే ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. పచ్చకు నీలం, పసుపు రెండూ పడాలని చెప్పడానికి జపాన్ దాకా పోవాలా? నిజమే. కరకపువ్వు, దానిమ్మ తొక్కల పసుపును నీలం మీద వేసి పచ్చ తీయడం మనవాళ్లకు తరాల నాటి పని. కరక్కాయ రసం, గేదె పాలు కలిపి బట్టను తడిపి ఆరబెట్టడం, పాలలోని కొవ్వు వల్ల కలం గీత పాకకుండా నిలవడం, బెల్లం నీళ్లలో తుప్పు పట్టిన ఇనుము పులియబెట్టిన కసిమితో నల్ల గీత తీయడం, పటిక రాసిన చోటే వేరు ఎరుపు పట్టుకోవడం, స్వర్ణముఖి పారే నీళ్లలో జాడించడం, ఇవన్నీ రసాయనశాస్త్రం బడిలో చదవని చేతులు కనిపెట్టినవి. బూడిద సంగతి కూడా అంతే. చీరాలలో పుట్టి పుట్టపాకలో బతికిన తేలియా రుమాలు దారాన్ని ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో మార్చి మార్చి నానబెట్టి సిద్ధం చేస్తారు. పోచంపల్లి వాళ్లు చిటికి కట్టి అద్దినట్టే జపాన్‌లో పోగు కట్టి అద్దే పద్ధతి పేరు కసురి.

అంతకన్నా పాత బంధుత్వం ఇంకొకటుంది. 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి మన అద్దకపు బట్టలు డచ్చి ఓడల్లో నాగసాకి చేరేవి. జపాన్ వాళ్లు వాటిని సరసా అని పిలిచి, చిన్న ముక్కల్ని కూడా పారేయక తేనీటి వేడుకల పాత్రలకు సంచులు కుట్టించుకునేవారు. ఆ బట్టల ఎరుపు చిరివేరుది. అప్పటి వర్తకుల రాతల్లో పెటపోలి, అంటే ఇవాళ్టి నిజాంపట్నం, ఇసుక నేలల చిరివేరుకు ప్రత్యేకమైన పేరుంది. ఏ నేలలో పండిన వేరు ఏ ఎరుపు ఇస్తుందో కొనేవాడికి కూడా తెలిసిన కాలమది. కడప నీలిమందుకూ అలాంటి పేరే ఉండేది.

కాబట్టి చెట్ల విద్యలో షిమురా మనకు నేర్పేది తక్కువ. నేర్చుకోవలసింది మరొకచోట ఉంది. కొనేవాళ్ల ముందు, కాలం ముందు ఆ విద్యను ఆమె ఎలా నిలబెట్టారన్నది.

మన దగ్గర ఏం జరిగిందో చూడండి. 1869లో అలిజరిన్‌ను, ఆ తర్వాత నీలిని ఫ్యాక్టరీలో తయారు చేసే దారి దొరికింది. 1897లో కృత్రిమ నీలి బజారుకు వచ్చింది. చిరివేరు చేలు, నీలి తొట్లు క్రమంగా పోయాయి. స్వాతంత్ర్యం తర్వాత కమలాదేవి ఛటోపాధ్యాయ వంటివారి చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం మొదలై కలంకారీ మళ్లీ ఊపిరి పీల్చుకుంది. విద్య బతికింది. కానీ దాన్ని కొనే పద్ధతి ఫ్యాక్టరీదే అయింది. దుకాణం నుంచి ఒక వన్నె ముక్క వస్తుంది, అచ్చం ఇదే రంగులో నలభై చీరలు కావాలంటారు. వానాకాలపు నీళ్లకు, వేసవి నీళ్లకు ఎరుపు మారుతుందని అద్దేవాళ్లకు తెలుసు. మారితే సరుకు తిరిగొస్తుందనీ తెలుసు. అందుకే కుండలో కాస్త ఫ్యాక్టరీ రంగు పడుతుంది. అది మోసం అనడం తేలిక. చెట్టు ఇవ్వని హామీని మనిషి చేత ఇప్పించింది కొన్నవాళ్లే.

షిమురా బట్ట కొనేవాళ్లు రెండోది అలాంటిదే కావాలని అడగరు. ఈ బట్ట ఫలానా చలికాలం, ఫలానా చెట్టుది, మళ్లీ రాదు అని తెలిసే కొంటారు. ఇది వాళ్లకు పుట్టుకతో వచ్చిన అభిరుచి కాదు. ఆమె రాసి, చెప్పి, చూపించి తయారు చేసుకున్న అభిరుచి. 1982లో వచ్చిన ఆమె వ్యాసాల పుస్తకం ‘ఒక రంగు, ఒక జీవితం’కు మరుసటి ఏడాది ఓసరాగి జిరో బహుమానం వచ్చింది. నీలి బాన గురించి, సకురా బెరడు గురించి ఆమె రాసింది అద్దకం ఎరగని మామూలు పాఠకులు చదివారు. నేసిన బట్టలో మిగిలిన చిన్న ముక్కను పారేయకుండా దాచి, పుస్తకంలో అతికించుకుంటూ పోయారు. ఆ ముక్కల పుస్తకం కూడా తర్వాత అచ్చయింది. 2013లో కూతురు యోకోతో కలిసి క్యోటోలో బడి పెట్టారు. అంటే చేతిలో ఉన్నది కాగితం మీదికి, కాగితం మీదున్నది మళ్లీ కొత్త చేతుల్లోకి వెళ్లింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆమెది ఒంటరి కళాకారిణి దారి. 1990లో జపాన్ ప్రభుత్వం ఆమెను త్సుముగి నేతకు సజీవ జాతీయ నిధిగా గుర్తించింది. ఆ గుర్తింపుతో ఏటా 20 లక్షల యెన్ల సహాయం వస్తుంది. 2014లో క్యోటో ప్రైజు, 2015లో సంస్కృతి పతకం వచ్చాయి. మ్యూజియాలు ఆమె బట్టలు కొంటాయి. పెడనలో రోజుకూలికి కలంకారీ అచ్చులు కొట్టే మనిషిని పట్టుకుని, చెట్టు పూత వేసేదాకా ఆగమంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. మనకు కూడా పద్మశ్రీలు ఉన్నాయి. కలంకారీకి జొన్నలగడ్డ గురప్పచెట్టికి 2008లో, తేలియా రుమాలుకు గజం గోవర్ధనకు 2011లో వచ్చాయి. కానీ పతకం ఒకరికొస్తుంది, బానలు సాకాల్సింది వందల ఇళ్లు. కాబట్టి ఆమె ధరలూ ఆమె తీరికా తెచ్చుకోలేం. సహజ రంగు అనగానే పుణ్యమన్నట్టు మాట్లాడటమూ వద్దు. దానికి కట్టెలు కావాలి, కాలవ నిండా నీళ్లు కావాలి, పటిక ఎక్కువైతే ఆ నీళ్లు కూడా చెడతాయి.

తెచ్చుకోగలిగినవి మూడున్నాయి. మొదటిది ముక్కల పుస్తకం. ఖర్చు ఒక నోటు బుక్కు, కాస్త జిగురు. అద్దిన ప్రతి విడత నుంచి వేలెడు గుడ్డ అతికించి, ఏ నెల, ఏ నీళ్లు, వేరు ఎక్కడిది, కాగు ఎంతసేపు మరిగింది అని నాలుగు మాటలు రాస్తే చాలు. పదేళ్లలో అది ఆ ఇంటికి శాస్త్రం అవుతుంది. ఇవాళ ఆ లెక్కంతా పెద్దవాళ్ల ముక్కులో, వేలి కొసల్లో ఉంది, వాళ్లతోనే పోతోంది. హైదరాబాదు, విజయవాడల్లోని వీవర్స్ సర్వీస్ సెంటర్లు, వెంకటగిరి చేనేత విద్యాసంస్థ ఈ పని చేయించడానికి పెద్ద పథకమేమీ అక్కర్లేదు. పిల్లల్ని తాతల దగ్గర కూర్చోబెట్టి రాయిస్తే చాలు.

రెండోది, చీర చీటీ మీద వన్నె నంబరుకు బదులు నెల రాయడం. మాఘంలో అద్దిన ఎరుపు, శ్రావణంలో అద్దిన ఎరుపు అని. తేడాను దాచితే లోపమవుతుంది, చీటీ మీద రాస్తే అదే చిరునామా అవుతుంది. మామిడిపండు ఏ ఊరిదని అడిగి కొనే జాతికి ఎరుపు ఏ నెలదని అడగడం ఎంతసేపు?

మూడోది, బాన చివరి రంగు. తొట్టి ఆరిపోయే ముందు వచ్చే లేత నీలాన్ని, పలచబడిన ఎరుపును మన దగ్గర రెండో రకం కింద తక్కువకు అమ్ముతారు. జపాన్ వాళ్లు దానికి పేరు పెట్టారు. పేరుంటే ధర నిలబడుతుంది. తెలుగులో వన్నెల పేర్లకు కరువు లేదు: వంగపండు, నెమలికంఠం, చిలకపచ్చ, గోధుమవన్నె. ఆరిపోయే బాన ఇచ్చే ఆ లేత నీలానికి కూడా పెడన, పుట్టపాక అద్దకం ఇళ్లలోనే ఒక పేరు పెట్టుకోవచ్చు.

ఈ మూడూ చేసే చేతులు మన దగ్గర ఉన్నాయి, కొనే చేతులే నేర్చుకోవాలి. ఈసారి కలంకారీ చీర చూసేటప్పుడు, అక్కకూ చెల్లికీ అచ్చం ఒకే రంగువి రెండు తీయమని దుకాణదారుణ్ని అడగకండి. ఇది ఏ వేరుతో, ఏ నెలలో అద్దారో అడగండి. అతనికి తెలియకపోతే తెలుసుకుని చెప్పమనండి. ఆ ప్రశ్న నలుగురు అడిగితే అద్దకం ఇంట్లో నోటు బుక్కు దానంతటదే తెరుచుకుంటుంది.